కోడ్ చెప్పేది ఫిర్యాదే, తీర్పు కాదు

పి0700, పి0730, పి0562. 2023 మార్చిలో మా అక్క కారు బయటపెట్టిన మూడు ఎర్రర్ కోడ్‌లివి. వాటి అర్థమేమిటన్న దానిపై మాకు రెండు అభిప్రాయాలు వచ్చాయి. మొదటిదాని ఖరీదు రూ. 3.85 లక్షలు. రెండోదాని ఖరీదు రూ. 19,950. రెండు చోట్లా చూసింది అదే కారును, చదివింది అవే కోడ్‌లను. పదేళ్లకు పైగా రాజకీయాలు రాస్తున్న వాడిని కాబట్టి ఒకే అంకెను చూసి ఇద్దరు రెండు కథలు చెప్పడం నాకు కొత్త కాదు. ఎన్నికల ఫలితాల రాత్రి టీవీల ముందు జరిగేదంతా అదే. అయితే ఈసారి తేడా ఏమిటంటే, తప్పుడు కథను నమ్మితే పోయేది మా అక్క స్వేచ్ఛ.

అక్కకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఎడమ కాలికి కాలిపర్ లేకుండా నిలబడలేదు. నూజివీడులోని ఒక జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ చెబుతుంది. ఇల్లు విజయవాడలో. రానూపోనూ రోజుకు ఎనభై కిలోమీటర్ల పైమాటే. ఎడమ కాలితో క్లచ్ తొక్కే పని లేని ఆటోమేటిక్ కారు ఆమెకు విలాసం కాదు, కాలిపర్ లాంటిదే. 2013లో ఆమె కారు కొనుక్కునే నాటికి మన దేశంలో ఆటోమేటిక్ గేర్లున్న కార్లు తక్కువ. చౌక ధరలో ఏఎంటీ గేర్లతో మారుతి సెలెరియో వచ్చింది ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో. ఉన్న కొద్ది చిన్న కార్లలోనూ సీటు కిందికి ఉండేది. కాలిపర్ వేసుకున్న మనిషి అంత కిందికి వంగి కూర్చోవడం, మళ్లీ లేవడం నరకం.

దాంతో ఆమె కన్ను ఒక దిగుమతి కారు మీద పడింది. 2009లో జపాన్‌లో పూర్తిగా తయారై ఓడలో వచ్చిన ఎత్తయిన వాహనం. సుంకాలూ పన్నులూ కలిపి కొత్తగా 20 లక్షలు దాటిన కారు. నాలుగేళ్లకే అది తొమ్మిది లక్షలకు దిగింది. ఎందుకు దిగిందో అందరికీ తెలుసు. విడిభాగాలు దొరకవు, దొరికినా ధర వింటే కళ్లు తిరుగుతాయి. "పెళ్లి ఖర్చు మిగిలింది కదరా, కారుకే పెడతా" అంది అక్క నవ్వుతూ. ఆమె పెళ్లి చేసుకోలేదు. పదేళ్లపాటు ఆ కారు ఆమెను ఒక్క రోజు కూడా దారిలో వదిలేయలేదు.

2023 మార్చిలో ఇంటర్ పరీక్షల సమయంలో తొలిసారి మొండికేసింది. మధ్యాహ్నం డ్యూటీ ముగించుకుని ఆగిరిపల్లి మీదుగా వస్తుంటే మీటరు బోర్డుపై పసుపు రంగు ఇంజన్ దీపం వెలిగింది. గేరు గుర్తు 'డి' మిణుకుమిణుకుమంటూ కొట్టుకుంది. ఆ తర్వాత కారు మూడో గేరులో బిగుసుకుపోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజన్ అరుస్తుందే తప్ప వేగం పెరగదు. ఇంజన్ ఆపి, పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడిచింది. మర్నాడు ఉదయం దివ్యంగా ఉంది. మధ్యాహ్నం మళ్లీ అదే తంతు.

దీన్ని ఇంగ్లిష్‌లో 'లింప్ మోడ్' అంటారు. గేర్‌బాక్స్‌కు అపాయం ఉందని కంప్యూటర్‌కు అనుమానం వస్తే, గేర్లు మార్చడం మానేసి ఏదో ఒక్క గేరులో ఇంటికి చేరేంత శక్తి మాత్రం ఇచ్చే ఏర్పాటు. తెలుగులో చెప్పాలంటే కుంటినడక. ఈ మాట ఫోన్‌లో నేను వివరిస్తుంటే అక్క కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పెద్దగా నవ్వింది. "పదేళ్లు కలిసి తిరిగాం కదా, ఆఖరికి దీనికీ నా నడకే వచ్చిందిరా."

నగరంలోని అధీకృత వర్క్‌షాపు కారును ఒక పూట ఉంచుకుంది. సాయంత్రానికి కంప్యూటర్ ముద్రించిన ఎస్టిమేట్ చేతికొచ్చింది. మూడు కోడ్‌లు, వాటి కింద ఒకే వాక్యం: గేర్‌బాక్స్ అసెంబ్లీ మార్చాలి. విదేశం నుంచి తెప్పించాలి, ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది, సగం సొమ్ము ముందే కట్టాలి. అప్పటికి ఆ కారును అమ్మితే నాలుగు లక్షలు రావడం గగనం. అంటే కారు ఖరీదు పెట్టి కారులో ఒక భాగం కొనాలి. లేదంటే తుక్కుకు వేయాలి. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి మర్యాదస్తుడే. "మేడమ్, కోడ్ వచ్చేసింది కదా, ఇక మా చేతిలో ఏముంటుంది?" అన్నాడు.

నన్ను పట్టుకున్న మాట ఇదే. కోడ్ వచ్చేసింది కదా. పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ నమోదైతే చాలు, మనిషిని దోషిగా తేల్చేసే మన అలవాటు గుర్తొచ్చింది. రాజనీతి శాస్త్రం చదివిన రోజుల్లో మాకు మొదట నేర్పిన తేడాల్లో ఒకటి ఆరోపణకూ నిర్ధారణకూ మధ్య ఉండేదే. కారు కంప్యూటర్ రాసే కోడ్ కూడా ఎఫ్ఐఆరే. ఫలానా సమయంలో, ఫలానా చోట, ఫలానా విలువ ఉండాల్సిన హద్దు దాటిందని మాత్రమే అది చెబుతుంది. ఎందుకు దాటిందో చెప్పదు. దర్యాప్తు మనిషే చేయాలి.

ఈ కోడ్‌లు పుట్టిన కథ కూడా ఆసక్తికరమే. వీటిని కనిపెట్టింది కార్ల యజమానుల సుఖం కోసం కాదు, ఊపిరి కోసం. లాస్ ఏంజెలిస్‌ను కమ్మేసిన పొగతో విసిగిపోయిన కాలిఫోర్నియా వాయు వనరుల మండలి, 1988 మోడల్ నుంచి కార్లు తమ కాలుష్య నియంత్రణ పరికరాలు చెడిపోతే తామే గుర్తించాలని నిబంధన తెచ్చింది. అయితే ఒక్కో కంపెనీది ఒక్కో భాష. దాంతో రెండో తరం నిబంధనలొచ్చాయి. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ ఒకే ఆకారంలో పదహారు పిన్నుల సాకెట్, ఒకే రకం కోడ్‌లు తప్పనిసరి అయ్యాయి. దీనికే ఓబీడీ-2 అని పేరు. యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి, భారత్‌లో 2013 ఏప్రిల్ నుంచి ఇది అమల్లోకి వచ్చింది. అక్క కారు 2009 నాటిదైనా ప్రపంచ మార్కెట్ కోసం తయారైంది కాబట్టి స్టీరింగ్ కింద ఆ సాకెట్ ముందే ఉంది. దిగుమతి కారు వల్ల కలిగిన లాభాల్లో ఇదొకటి.

కోడ్‌లో ఒక క్రమం ఉంది. మొదటి అక్షరం పి అయితే ఇంజన్, గేర్‌బాక్స్. బి అయితే బాడీ, సి అయితే బ్రేకులు, స్టీరింగ్ లాంటివి, యు అయితే కంప్యూటర్ల మధ్య సంభాషణ. రెండో స్థానంలో సున్నా ఉంటే అది అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్. ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్. మూడో స్థానంలో ఒకటీ రెండూ ఇంధనం, గాలి, మూడు స్పార్క్, నాలుగు కాలుష్య నియంత్రణ, ఏడు, ఎనిమిది గేర్‌బాక్స్.

ఈ లెక్కన అక్క కారు చెప్పిందేమిటి? పి0700 అంటే 'గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో ఫిర్యాదు చేస్తోంది, దీపం వెలిగించు' అని ఇంజన్ కంప్యూటర్‌కు అందిన కబురు. అంతకు మించి దానికి అర్థం లేదు. పి0730 అంటే గేరు నిష్పత్తి కుదరడం లేదని. గేర్‌బాక్స్ లోపలికి వెళ్లే ఇరుసు వేగాన్ని, బయటికొచ్చే ఇరుసు వేగాన్ని కంప్యూటర్ క్షణక్షణం పోల్చుకుంటుంది. మూడో గేరులో ఎంత తేడా ఉండాలో దానికి తెలుసు. అంత లేకపోతే లోపల ఎక్కడో జారుతోందని అనుమానిస్తుంది. క్లచ్ పలకలు అరిగినా ఈ కోడ్ వస్తుంది. నూనె తగ్గినా, తప్పుడు నూనె పోసినా, వేగం కొలిచే సెన్సర్ చెడినా, నూనె ఒత్తిడిని నడిపే సోలెనాయిడ్‌కు కరెంటు సరిగా అందకపోయినా ఇదే కోడ్. ఇక మూడోది పి0562. కారులో వోల్టేజి పడిపోతోందని దాని అర్థం.

అధీకృత ఎస్టిమేట్‌లో ఈ మూడో కోడ్ గురించి ఒక్క మాట లేదు.

అక్క ఫిజిక్స్ మనిషి. కారు తొలిసారి మొండికేసిన రోజు నుంచే ఒక నోటు పుస్తకం పెట్టింది. తేదీ, సమయం, ఎన్ని కిలోమీటర్లు నడిచాక, ఏసీ ఉందా లేదా, లైట్లు వేసి ఉన్నాయా, ఎండా నీడా. పదిహేను రోజుల్లో తొమ్మిది సార్లు గేరు బిగిసింది. తొమ్మిది సార్లూ మధ్యాహ్నం పన్నెండు తర్వాతే. తొమ్మిది సార్లూ ఏసీ నడుస్తూనే ఉంది. రెండు రోజులు ఎండలో చెమటలు కక్కుతూ కావాలనే ఏసీ ఆపేసి వచ్చింది. ఆ రెండు రోజులూ కారు బుద్ధిగా నడిచింది. "గేర్ పలకలు అరిగితే ఏసీ వేశానా లేదా అని వాటికెందుకురా?" అని ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ఎస్టిమేట్ ఇచ్చిన వాళ్ల దగ్గరా లేదు.

ఆ నోటు పుస్తకం పట్టుకుని మేమిద్దరం ఆటోనగర్ వెళ్లాం. 1960లలో మొదలైన జవహర్ ఆటోనగర్ గురించి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. లారీ బాడీలు కట్టే సుత్తి చప్పుళ్లు, వెల్డింగ్ మెరుపులు, గ్రీజు వాసన. అక్కడొక షెడ్డులో ఆటోమేటిక్ గేర్లు చూసే మేస్త్రి ఉన్నాడని అక్క సహోద్యోగి చెప్పారు. యాభై ఏళ్లుంటాయి. పదో తరగతి దాకా చదివి, కొన్నేళ్లు మస్కట్‌లో పనిచేసి వచ్చిన మనిషి. ఇక్కడ అరుదైన ఇలాంటి గేర్‌బాక్సులు అక్కడ వీధి వీధికీ ఉండేవట.

ఆయన ముందు స్కానర్ తీయలేదు. పుస్తకం తీసుకుని రెండు పేజీలూ చదివాడు. "ఇది రాసింది ఎవరు సార్?" అన్నాడు. అక్క వైపు చూపించాను. "సగం పని మీరే చేశారమ్మా" అన్నాడామెతో.

తర్వాత స్కానర్ పెట్టి కోడ్‌లతోపాటు 'ఫ్రీజ్ ఫ్రేమ్' చదివాడు. తప్పు జరిగిన క్షణాన కారు పరిస్థితిని కంప్యూటర్ ఫొటో తీసినట్టు భద్రపరిచే సమాచారమిది. వేగం 62 కిలోమీటర్లు, ఇంజన్ చుట్లు 2,900, వోల్టేజి 11.4. మేస్త్రి వేలు ఆ చివరి అంకె దగ్గర ఆగింది. ఇంజన్ నడుస్తున్నప్పుడు డైనమో 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా ఇవ్వాలి. 11.4 అంటే బ్యాటరీ నిండటం మాట అటుంచి, ఖాళీ అవుతోందన్నమాట.

బ్యాటరీ చూశాడు, బాగానే ఉంది. డైనమో చూశాడు, అదీ బాగానే ఉంది. అప్పుడు మల్టీమీటరు ఒక కొనను ఇంజన్ దిమ్మకు, రెండో కొనను బ్యాటరీ నెగెటివ్‌కు ఆనించి, ఏసీ, లైట్లు, ఫ్యాన్లు అన్నీ వేయమన్నాడు. ఆ రెంటి మధ్య 0.2 వోల్టులకు మించి తేడా ఉండకూడదు. మీటరు 0.9 చూపించింది. ఇంజన్‌ను బాడీతో కలిపే ఎర్త్ పట్టీ, అల్లిన రాగి తీగల పట్టీ, బోల్టు దగ్గర పచ్చగా చిలుము పట్టి సగం తెగి ఉంది. పద్నాలుగేళ్ల వానలు, కృష్ణా తీరపు తేమ చేసిన పని అది.

ఆ పట్టీకీ గేర్లకూ సంబంధమేమిటి? ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో గేరు మార్చేది చెయ్యి కాదు, నూనె ఒత్తిడి. ఆ ఒత్తిడిని ఏ దారిన పంపాలో నిర్ణయించేవి సోలెనాయిడ్లు, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న కవాటాలు. ఏసీ, ఫ్యాన్లు కలిసి కరెంటు లాగేసినప్పుడు, తిరిగి వెళ్లే దారి ఇరుకైతే, సోలెనాయిడ్లకు అందాల్సిన బలం అందదు. ఒత్తిడి తగ్గుతుంది, క్లచ్ జారుతుంది, కంప్యూటర్ కంగారు పడుతుంది. మూడు కోడ్‌లలో మూడోదే అసలు సంగతి. మొదటి రెండూ దాని పర్యవసానాలు.

కొత్త పట్టీ ఖరీదు రూ. 850. దాంతోపాటు గేర్ నూనె పరీక్షించాడు. వేడి మీదున్నప్పుడు డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డకు రుద్దాడు. ఎరుపు కాస్త మాసింది, కానీ మాడు వాసన లేదు, లోహపు పొడి లేదు. "ఇది నల్లగా మాడి ఉంటే నేనూ గేర్‌బాక్స్ విప్పాల్సిందే అనేవాణ్ని సార్. అప్పుడు వాళ్లు చెప్పిందే కరెక్టు" అన్నాడు. తన పోటీదారు గురించి అంత నిష్పాక్షికంగా మాట్లాడే రాజకీయ నాయకుణ్ని నేనింతవరకు ఇంటర్వ్యూ చేయలేదు.

తొమ్మిది రోజులు కారు హాయిగా నడిచింది. పదో రోజు మళ్లీ దీపం. ఈసారి ఒకే కోడ్, పి0755. రెండో షిఫ్ట్ సోలెనాయిడ్ విద్యుత్ వలయంలో లోపం. అక్క ముఖం వాడిపోయింది. మేస్త్రి మాత్రం స్థిమితంగా ఉన్నాడు. అంతకుముందు చిల్లర గొడవలో వినిపించని గొంతు ఇప్పుడు వినిపిస్తోందన్నాడు. సోలెనాయిడ్ నిరోధాన్ని చల్లగా ఉన్నప్పుడు కొలిచాడు, 14 ఓములు, సరిగ్గానే ఉంది. అరగంట నడిపి వేడెక్కాక కొలిస్తే మీటరు ముల్లు నిలకడ లేకుండా గెంతింది. లోపలి తీగ చుట్ట వేడికి విచ్చుకుంటోంది. అదృష్టవశాత్తూ అది గేర్‌బాక్స్ విప్పకుండా బయటి నుంచి తీయగల చోటే ఉంది. ఢిల్లీ కశ్మీరీ గేట్ మార్కెట్‌లో ఒక దుకాణం నుంచి కొరియర్‌లో రావడానికి పదకొండు రోజులు పట్టింది. సోలెనాయిడ్ రూ. 9,200, నూనె రూ. 5,400, మేస్త్రి కూలీ రూ. 4,500. పట్టీతో కలిపితే వెరసి రూ. 19,950.

కథ ఇక్కడితో ముగిస్తే 'ఆటోనగర్ జిందాబాద్' అని చప్పట్లు కొట్టి లేచిపోవచ్చు. కానీ ఆఖరి మెట్టు దగ్గర ఒక తాళం ఉంది. సోలెనాయిడ్ మార్చాక పాత భాగపు అలవాట్లను మరిచిపోయి కొత్తదాని తీరు నేర్చుకోమని కంప్యూటర్‌కు చెప్పాలి. లేకపోతే గేరు మారిన ప్రతిసారీ వీపు మీద గుద్దినట్టుంటుంది. ఆ ఆదేశం మామూలు స్కానర్ ఇవ్వలేదు. కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. అది అధీకృత వర్క్‌షాపుల దగ్గరే ఉంటుంది. బయట తమ చేతులు పడిన కారుకు ఆ ఒక్క పని చేసిపెట్టడానికి వాళ్లు ఒప్పుకోలేదు. మేస్త్రి పక్క షెడ్డుకు వెళ్లి ఒక నల్ల పెట్టె తెచ్చాడు. కంపెనీ పరికరానికి విదేశంలో తయారైన నకలు. పదిహేను నిమిషాల్లో పని అయిపోయింది.

ఆ నకలు పెట్టె చట్టబద్ధమైనదని నేను చెప్పబోవడం లేదు. అయితే నిజాయితీపరుడైన ఒక పనివాడు తన పని పూర్తి చేయడానికి నకలు సరుకు మీద ఆధారపడాల్సి రావడం ఎవరి తప్పు అన్నది అడగాల్సిన ప్రశ్న. ఇక్కడే ఓబీడీ చరిత్ర మళ్లీ పనికొస్తుంది. కాలుష్యానికి సంబంధించిన కోడ్‌లు అందరికీ బహిరంగం, ఎందుకంటే చట్టం వాటిని బహిరంగం చేయమంది. చట్టం చెయ్యి ఎక్కడిదాకా వెళ్లిందో సమాచారం అక్కడిదాకా తెరుచుకుంది. అది ఆగిన చోట తలుపులు మూసుకున్నాయి. కంపెనీలు దయతో ఇచ్చిందీ లేదు, ద్వేషంతో దాచిందీ లేదు.

మన దేశంలో ఈ తలుపు తట్టిన వారు లేకపోలేదు. 2011లో ఒక వినియోగదారుడి ఫిర్యాదుతో మొదలైన కేసులో భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ. 2,544.65 కోట్ల జరిమానా విధించింది. అసలు విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను బయటి మెకానిక్‌లకు అందకుండా చేయడం పోటీని దెబ్బతీయడమేనని తేల్చింది. వాటిని స్వతంత్ర మరమ్మతుదారులకు అందుబాటులో ఉంచమని ఆదేశించింది. అప్పీళ్లు వెళ్లాయి. 2016లో పోటీ అప్పీలు ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో కమిషన్ నిర్ధారణలను సమర్థిస్తూనే, జరిమానాను మొత్తం టర్నోవర్ మీద కాక విడిభాగాల టర్నోవర్ మీద లెక్కగట్టమంది. మరికొన్ని సంస్థలు హైకోర్టులను ఆశ్రయించాయి. 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు'పై కమిటీ వేసింది. అందులో వాహనాల రంగాన్ని కూడా చేర్చింది. ఆ ఏడాది డిసెంబర్‌లో ఒక పోర్టల్ ప్రారంభమైంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో నేరుగా ఓటర్ల ముందుకే వెళ్లి, కార్ల మరమ్మతు సమాచారం బయటి మెకానిక్‌లకు ఇవ్వాలని తీర్మానించింది. కార్లు గాలిలోంచే కంపెనీకి సమాచారం పంపడం మొదలయ్యాక 2020లో అక్కడి ఓటర్లు మరోసారి అదే మాట చెప్పాల్సి వచ్చింది. ఈ పోరాటం ఒక తీర్పుతో ముగిసేది కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

పొరుగు దేశాలకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. ఢాకా, కొలంబో, కరాచీ వీధుల్లో తిరిగే కార్లలో చాలా భాగం జపాన్‌లో కొన్నేళ్లు వాడి పంపినవే. మన దగ్గర సెకండ్ హ్యాండ్ కార్ల దిగుమతికి మూడేళ్ల వయోపరిమితి, భారీ సుంకం ఉండటంతో అవి అరుదు. అరుదైన చోట మెకానిక్‌కు అనుభవం దొరకదు. విదేశీ మారకం ఎండిపోతున్న శ్రీలంక 2020 మార్చిలో వాహనాల దిగుమతి ఆపేసింది. సొంత కార్లకు తలుపులు మళ్లీ తెరుచుకుంది 2025 ఫిబ్రవరిలో. ఆ మధ్య 2022లో సంక్షోభ వార్తల కోసం కొలంబో వెళ్లినప్పుడు నేనెక్కిన ట్యాక్సీ డ్యాష్‌బోర్డు మీద అగ్గిపెట్టెంత స్కానర్ ఒకటి ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది. మీటరు అక్షరాలన్నీ జపనీస్‌లో ఉన్నాయి. "కొత్త కారు రాదు సార్, దీనికి జ్వరం వస్తే ముందే తెలియాలి" అన్నాడు డ్రైవరు. దేశం దివాలా తీసినప్పుడు కోడ్ చదవడం సరదా కాదు, జీవనోపాధి.

అధీకృత వర్క్‌షాపు మోసం చేసిందని నేను అనడం లేదు. వాళ్లకు గంటకు ఇన్ని కార్లని లెక్క ఉంటుంది. అసెంబ్లీ మొత్తం మారిస్తే పనికి హామీ ఇవ్వగలరు. ఎర్త్ పట్టీ కోసం పూటంతా వెతికే మనిషికి వాళ్ల వ్యవస్థలో చోటు లేదు. నేననేది ఒక్కటే: లక్షల రూపాయల నిర్ణయం కోడ్ మీద మాత్రమే ఆధారపడితే అది నిర్ణయం కాదు, ఊహ. ఇంజన్ కోడ్‌ల విషయంలోనూ ఇదే కథ. పి0171 వస్తే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. చాలాసార్లు దోషి గాలి పీల్చుకుంటున్న పగిలిన రబ్బరు గొట్టం. పి0420 వస్తే ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పడతారు. సైలెన్సర్ గొట్టంలో లీకు ఉందేమో ముందు చూడరు.

ఈ ఉదంతం తర్వాత కారు గొడవలతో ఫోన్ చేసే మిత్రులకు నేను చెప్పే మాటలు నాలుగే. దీపం వెలిగితే కోడ్‌లను, ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ఫొటో తీసుకునే దాకా ఎవరినీ చెరపనివ్వకండి. చెరిపితే సాక్ష్యం పోతుంది. అన్ని కోడ్‌లూ రాయించుకోండి, పెద్దగా కనిపించేది ఒక్కటే కాదు. ఖరీదైన భాగం గురించి మాట్లాడే ముందు బ్యాటరీ, ఎర్త్, నూనె చూశారా అని అడగండి. ఇంజన్ దీపం నిలకడగా కాక మిణుకుమంటుంటే మాత్రం బండి పక్కన ఆపండి. అది స్పార్క్ తప్పుతోందనడానికి గుర్తు, నడిపేకొద్దీ నష్టం. వీటితోపాటు ఒక నోటు పుస్తకం పెట్టుకోమంటాను. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

కారుకు 2024లో పదిహేనేళ్లు నిండాయి. ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంది. ఎల్లకాలం నడవదని అక్కకూ తెలుసు. ఇప్పుడు మార్కెట్‌లో ఎత్తు సీటు, ఆటోమేటిక్ గేర్లున్న దేశీ కార్లకు కొదవ లేదు. ఈ మధ్య ఒక షోరూముకు నేనూ తోడు వెళ్లాను. సేల్స్ కుర్రాడు తెర సైజు, పైకప్పు గాజు, ఫోన్‌తో ఏసీ వేసే సదుపాయం గురించి పదిహేను నిమిషాలు చెప్పాడు. అక్క ఓపిగ్గా విని, "అన్నీ బాగున్నాయి బాబూ. దీని గేర్‌బాక్స్ కోడ్‌లు బయటి మెకానిక్ చదవగలడా? కొత్త భాగం వేశాక నేర్పించగలడా?" అని అడిగింది. ఆ కుర్రాడు మేనేజర్‌ను పిలిచాడు. మేనేజర్ నవ్వి, అయిదేళ్లు వారంటీ ఉంది కదా మేడమ్ అన్నాడు.

"నేను రిటైరవడానికి ఇంకా చాలా ఏళ్లుంది" అంది అక్క.